గుండెపై జంటభారము



నేను వైద్యుడను గాను. కొవ్వూరు ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠమున నాలుగు కావ్యములును కొంత వ్యాకరణమును చదువుకొని, నల్లజర్ల ప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు గుండెనుగూర్చియు నెత్తురునుగూర్చియు మాటలాడుట సాహసమే. ఐనను రెండు కారణములచేత ఈ పనికి ఒప్పుకొంటిని. వైద్యులు చెప్పు మాట మనకు సగమే అర్థమగుచున్నది. మన యెరుకలోని వస్తువులతో మన మాటలో చెప్పువారు తక్కువ. ఇది మొదటి కారణము. రెండవది నా యింటి సంగతి. దానిని దాచి ఉపన్యసించుట న్యాయము గాదు గనుక ముందే మనవి చేయుచున్నాను. మా పెద్దన్నగారు మధుమేహము, రక్తపుపోటు అను ఈ జంటవ్యాధులతోనే పోయిరి. వారి విషయమున నా మిడిమిడి పాండిత్యముతో నేను చేసిన పొరపాటొకటి కలదు. దాని సంగతి తరువాత చెప్పెదను.

అన్నగారు మెట్టరైతు. పొగాకు, చెరకు, నిమ్మ, కడపట పామాయిలు తోట, అన్నియు చూచినవారు. 2002లో, వారికి ఏబది యేండ్లప్పుడు, చక్కెరజబ్బు కలదని తెలిసెను. మరి నాలుగేండ్లకు నెత్తురుపోటు కూడ బయటపడెను. చక్కెరకు మాత్ర వేసికొనిరి. పోటుకు కొన్నినాళ్లు వేసికొని మానిరి. ఎందుకు మానితివన్నా యని యడిగినచో, "ఒరే తమ్ముడూ, చక్కెర ఉన్నదంటే దాహమున్నది, రాత్రి నాలుగుసార్లు లేవడమున్నది, ఒప్పుకున్నాను. పోటు ఉన్నదంటే ఏదిరా? తలనొప్పి లేదు, కళ్లు తిరగవు. లేని జబ్బుకు మాత్ర ఎందుకు?" అనెడివారు. ఈ మాటనే మీలో ఎందరి నోటనో నేను వినియున్నాను. వినుటకు సబబుగానే యుండును. మనిషికి నొప్పియే సాక్షి. సాక్షి లేని నేరమును ఎవరు నమ్ముదురు?

మధుమేహము మనకు క్రొత్తది గాదు. చరక సుశ్రుతులు ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, వాతజములైన నాలుగింటిలో మధుమేహమును చేర్చి, అది కుదరని వ్యాధియని చెప్పిరి. రోగి మూత్రమునకు చీమలు చేరుటను గుర్తించిరి. సుశ్రుతుడు మరియొక మెట్టెక్కి, పుట్టుకతో వచ్చునది, అపథ్యమువలన వచ్చునది అని రెండు తెగలు చేసెను. మొదటి తెగవాడు కృశించియుండుననియు, రెండవ తెగవాడు స్థూలుడై, తిండియందును పడకయందును ప్రీతి గలవాడై యుండుననియు వర్ణించెను. నేటి వైద్యులు ఒకటవ రకము, రెండవ రకము అని చెప్పు విభాగమునకు ఇది మిక్కిలి చేరువ. ధనములేని రోగిని చెప్పులు లేక నూరు యోజనములు నడువుమనియు, నూతులు త్రవ్వుమనియు ఆ మహానుభావుడు విధించిన చికిత్సను చదివినప్పుడు మేము విద్యార్థులము నవ్వుకొంటిమి. నవ్వదగినది కాదని ఇప్పుడు తెలియుచున్నది. ఒడలు వంచి చేయు పని నెత్తురులోని చక్కెరను తగ్గించునని నేటి శాస్త్రమును ఒప్పుకొనినది.

కాని మన ప్రాచీనులకు ఒక సాధనము లేదు. వారు నాడిని పట్టిరి గాని నాళములలో నెత్తురు ఎంత బలముతో తన్నుచున్నదో కొలువజాలకపోయిరి. చేతికి పట్టీ చుట్టి గాలి నింపి పాదరసపు మట్టమును చూచు పద్ధతిని 1896లో రీవా రోచి అను ఇటలీ వైద్యుడును, ఆ పట్టీ క్రింద గొట్టముతో ధ్వని విని పై అంకెను క్రింది అంకెను నిర్ణయించు విధమును 1905లో కొరోట్కోవ్ అను రష్యా వైద్యుడును లోకమున కిచ్చిరి. ఇన్సులిను 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున దొరకెను. ఇట్లు ఈ రెండు వ్యాధుల నిజస్వరూపము మనుష్యులకు తెలిసి నూరేండ్లు మాత్రమే యైనది. కనుక మన తాతలు వీనినిగూర్చి మనకేమియు చెప్పలేదని వారిని తప్పు పట్టనక్కరలేదు.

ఇక గుండె సంగతి. అది పిడికిలియంత కండ. నిమిషమునకు సుమారు 5 లీటర్ల నెత్తురును తోడిపోయును. దినమునకు ఇంచుమించు లక్షసార్లు కొట్టుకొని 7,000 లీటర్లకు పైగా నడిపించును. దాని పని రెండు విధములు, ముడుచుకొనుట, విప్పుకొనుట. ముడుచుకొనుట కష్టమనియు విప్పుకొనుట విశ్రాంతియనియు మనము తలచుచుందుము. అది సరిగాదు. విప్పుకొనుటకు కూడ శక్తి వ్యయము కావలయును. శక్తి చాలనిచో గుండె మొట్టమొదట పోగొట్టుకొనునది ఈ విప్పుకొను గుణమునే. ఈ మాటను గుర్తుంచుకొనుడు. మీదటి కథ యంతయు దీనిమీదనే నడచును.

కండలకు శక్తి యెక్కడినుండి వచ్చునను ప్రశ్నకు జవాబు వెదకినవారిలో మనవా డొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విద్యాలయమున ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసి, కండలలో శక్తి నిలువయుండు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, దాని తరువాత ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను ప్రకటించిరి. ప్రతి గుండెకొట్టుకు ఖర్చగు రొక్కమే ఈ ఏ.టి.పి. యనుకొనవచ్చును. 1948లో ఆయన ఆ దేశమందే కన్నుమూసిరి. భీమవరమున పుట్టినవాడు చూపిన దీపముతో మన గుండెలను మనము చూచుకొనక చీకటిలో నుండుట విచారకరము. ఇది ప్రసక్తానుప్రసక్తము, క్షమింపుడు.

మొదట పోటు చేయు పని చూతము. మా మెట్టలో సేద్యమునకు బోర్లే ప్రధానాధారము. నీటిలో దింపిన మోటారు ఎంత దూరమైనను నీటిని తన్నును. కాని పైపు లోపల సున్నము పేరుకొని సన్నబడినచోనో, కొనయందు మరను సగము మూసినచోనో ఏమగును? నీరు వచ్చును, చూచువానికి భేదము తెలియదు. మోటారు మాత్రము వేడెక్కును. రైతు చేయిపెట్టి చూచినప్పుడు గాని దాని శ్రమ బయటపడదు. నెత్తురుపోటు ఇట్టిదే. సన్ననాళములు బిగిసికొనుటచేత గుండె ప్రతిసారి ఎక్కువ బలముతో నెట్టవలసివచ్చును. మోటారు కాలిపోవును; గుండె యట్లుగాక, కండగనుక, బలిసిపోవును. బస్తాలు మోయువాని భుజములు బలిసినట్లు ఎడమ గది గోడ దళసరియగును. బలిసినది మంచిదే గదా యందురేమో. భుజము బలిసినచో వెలుపలికి పెరుగును. గుండె గోడ బలిసినచో లోపలి గది యిరుకగును, గోడ బిరుసెక్కును. దళసరియైన ఆ కండకు నెత్తురు ఎక్కువ కావలయును. తెచ్చు నాళములు మాత్రము పూర్వమున్నవే.

ఇప్పుడు చక్కెర చేయు పని. ఇది మరింత నిగూఢము. నెత్తురులో చక్కెర ఎల్లవేళల హెచ్చుగా నున్నచో అది శరీరమునందలి మాంసకృత్తులకు మెల్లమెల్లగా అంటుకొనును. అరిసె నూనెలో ఎర్రబడుటయు, రొట్టె పెనముమీద మాడురంగు తిరుగుటయు ఈ చర్య వంటివే. శరీరమున ఇది పొయ్యి లేకయే ఏండ్ల తరబడి జరుగును. గుండెకండల నడుమ నుండు పోగులు ఒకదానికొకటి కుట్టుపడినట్లై సాగుడు గుణమును కోల్పోవును. అంతేగాదు. గుండె ఆరోగ్యముగా నున్నప్పుడు కొంత క్రొవ్వును, కొంత చక్కెరను ఇంధనముగా వాడుకొనును. మధుమేహమున చుట్టును చక్కెర నిండియున్నను గుండె దానిని లోనికి తీసికొనలేక ఇంచుమించు క్రొవ్వునే కాల్చును. క్రొవ్వును కాల్చుటకు ప్రాణవాయువు ఎక్కువ పట్టును. గోదావరి గట్టున కూర్చుండి దప్పికతో నున్నట్లన్నమాట. కంటికి కనబడని సన్ననాళములు గుండెలో పూడిపోవును. నరములు మొద్దుబారుటచేత గుండెకు నెత్తురందని నొప్పి తెలియకయే పోవచ్చును. చక్కెరరోగులలో కొందరికి గుండెపోటు వచ్చిపోయినట్లు తరువాత పరీక్షలో తెలియుచున్నది. ఆ నాడు వారు వాతమనియో అజీర్ణమనియో అనుకొని సోడా త్రాగి పడుకొనియుందురు.

గుండెకు నెత్తురు తెచ్చు పెద్దనాళములు మూసికొనకపోయినను మధుమేహమే స్వయముగా గుండెకండను చెరచునని 1972లో రూబ్లరు మున్నగు అమెరికా వైద్యులు నలుగురు రోగుల శవపరీక్షవలన చూపిరి. 1974లో ఫ్రామింగ్‌హాం అను పట్టణపు ప్రజలను అనేక సంవత్సరములు గమనించినవారు, మధుమేహము గల మగవారికి గుండె నీరసించు వ్యాధి రెండింతలుగాను, ఆడువారికి అయిదింతలుగాను వచ్చుచున్నదని ప్రకటించిరి. ఆడువారి సంగతి ప్రత్యేకముగా చెప్పుచున్నాను. మన యిండ్లలో మగవానికి ఆయాసము వచ్చినచో బండి కట్టుదురు. ఆడుదానికి వచ్చినచో పని యెక్కువైనదందురు.

రెండును కూడినప్పుడు ఒకటియు ఒకటియు రెండు గాదు. పోటు గోడను బలియజేయును, చక్కెర ఆ బలిసిన గోడను బిరుసుచేయును. పోటు గోడకు నెత్తురు ఎక్కువ కావలయుననును, చక్కెర నెత్తురు తెచ్చు సన్నదారులను మూయును. నడుమ మూత్రపిండములు కలవు. ఈ రెండు వ్యాధులును వానినే కొరుకును. అవి చెడినచో ఉప్పు బయటికి పోదు, ఉప్పుతో నీరు నిలుచును, నీటితో పోటు ఇంకను పెరుగును. మూడు ఎద్దులు ఒకదానినొకటి పొడుచుకొనుచు త్రిప్పు గానుగవలె నిది తిరుగును.

చివరకు జరుగునది మీకు కొల్లేటిని చూపి చెప్పెదను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగునవన్నియు కొల్లేటిలోనికి దిగును. అక్కడినుండి సముద్రమునకు పోవుదారి ఉప్పుటేరు ఒక్కటియే. ఆ ఉప్పుటేరు పూడికతోను గుర్రపుడెక్కతోను బిగిసియున్నచో వచ్చిన నీరు పోక వెనుకకు తన్ని, లంకగ్రామముల యిండ్లలోనికి ఎక్కును. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు క్రిందికి దిగి కొల్లేటి పల్లెలవారిని పెట్టిన యిబ్బంది మనము మరువలేదు. గుండె ఎడమగది విప్పుకొనక బిరుసెక్కినచో అచ్చముగా నిట్లే జరుగును. ఊపిరితిత్తులనుండి వచ్చు నెత్తురుకు గదిలో చోటు చాలదు. అది వెనుకకు నిలిచి ఊపిరితిత్తులలో చెమ్మ ఊరును. ఎగువ మరియు వెనుకకు తన్నినచో కాళ్లలో నీరు దిగును. విచిత్రమేమనగా ఈ గుండె ముడుచుకొనుటలో ఏ లోపమును లేకపోవచ్చును. ముడుచుకొను బలము చక్కగానున్నదని కాగితముమీద వ్రాసియుండును. మనిషి మాత్రము పడుకొనలేక కూర్చుండి తెల్లవార్చుచుండును.

ఇక నా పొరపాటు. 2016 డిసెంబరులో అన్నగారికి మోకాళ్ల నొప్పులు ముదిరెను. ఎవరో చెప్పగా నొప్పి మాత్రలు కొని నెలదినములు వరుసగా వేసికొనిరి. ఆ జాతి మాత్రలు నొప్పిని తగ్గించునుగాని శరీరమున ఉప్పును నీటిని నిలిపి, పోటును పెంచి, మూత్రపిండములకు చెరుపు చేయునని నాకప్పుడు తెలియదు. కొన్నాళ్లకు పాదములు వాచినవి. నొక్కినచో వ్రేలి గుంట నిలిచెడిది. అన్నగారు నన్నే అడిగిరి. ఇంట పండితుడనని పేరు గలవాడను గదా. గలిజేరుకు సంస్కృతమున పునర్నవ యని పేరు, శోథఘ్ని యని మరియొక పేరు. శోథఘ్ని యనగా వాపును చంపునది. ఈ వ్యుత్పత్తి చెప్పి, వాతశోఫమని నిశ్చయించి, గలిజేరు కషాయము పదునైదు దినములు త్రాగించితిని. పేరును చదివినవాడనే గాని రోగిని చదివినవాడను గాను. ఆ మందును నేను దూషించుట లేదు. ఏ వాపు ఎక్కడినుండి వచ్చినదో విచారింపక ఇచ్చిన నన్ను దూషించుకొనుచున్నాను.

సంక్రాంతి వచ్చెను. ఇల్లంతయు బంధువులు. అరిసెలు, పులిహోర, పాత ఆవకాయ, కొల్లేటి ఎండుచేప, ఒకటేమి. అప్పటికి వారము దినములనుండి అన్నగారు మూడు దిండ్లు వేసికొని పడుకొనుచున్నారని వదినగారికి తెలియును. పగలు చెప్పలేదు, ఎందుకనగా దానిని రోగమని ఎవరును అనుకొనలేదు. కనుమనాటి రాత్రి రెండు గంటలకు ఆమె నా తలుపు తట్టిరి. పోయి చూచితిని. అన్నగారు మంచముమీద కాళ్లు వ్రేలాడవేసి, రెండు చేతులును మంచపుపట్టెపై ఆనించి, నోరు తెరచుకొని గాలిని పట్టుకొనుచున్నారు. చెమట. దగ్గినచో నురుగు. ఉబ్బసమని ప్రక్కింటివారు మందు తెచ్చిరి. ఆ చలిలో కారులో ఏలూరునకు కొనిపోవుచుండగా దారిపొడుగున నా చేతిని విడువలేదు.

ఏలూరులో వైద్యుడు, మా పాఠశాలలో చదివిన పిల్లల వయస్సువాడు, ప్రాణవాయువు పెట్టి, నీరు తీయు సూది వేసెను. తెల్లవారునప్పటికి మూత్రము విడివిడిగా పోయి, అన్నగారు వెల్లకిల పడుకొని నిద్రపోయిరి. ఆ నిద్రను చూచుచు నేను గోడకానుకొని నిలుచుంటిని. తరువాత యంత్రముతో గుండెను చూచి, "మాస్టారూ, ముడుచుకోవడం బాగుంది. గోడ మందమైంది, విప్పుకోవడం లేదు" అని చెప్పెను. పిదప మూడు ప్రశ్నలు వేసెను. ఎన్ని దిండ్లమీద పడుకొనుచున్నారు? పోటు మాత్ర ఎప్పుడు మానిరి? నొప్పికేమి వేసికొనుచున్నారు? ఆ మూడు ప్రశ్నలకు జవాబు మా యింటిలో అందరికిని తెలియును. ఎవరును ఒకచోట చేర్చి చూడలేదు.

ఇది మా యింటి కథ మాత్రమే యనుకొందురేమో. 2003, 2004 ప్రాంతమున తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు లక్షా ఎనుబదివేల జనుల నడుమ ఒక పరిశోధన జరిగినది. చావు జరిగిన ప్రతి యింటికిని శిక్షణ పొందిన ఆరోగ్యకార్యకర్తలు పోయి, పోయినవారి కడపటి దినముల లక్షణములను ఇంటివారి నడిగి వ్రాసికొనగా, వైద్యులు కారణము నిర్ణయించిరి. 2006లో ఫలితములు ప్రకటితమయ్యెను. నూటికి 32 చావులు గుండెకును నెత్తురునాళములకును సంబంధించిన జబ్బులవలన. అంటురోగములవలన 12 మాత్రమే. పల్లెవానికి జ్వరములు, పట్నపువానికి గుండెజబ్బులు అను మాట ఆనాటికే చెల్లిపోయినది. అదే కార్యక్రమమున ముప్పదియేండ్లు దాటినవారిని పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహము కనబడెను. వారిలో ఇంచుమించు సగముమందికి తమకది యున్నదనియే తెలియదు. ఇవి మన గోదావరి పల్లెలు. పొలము గట్లమీద నడచినవారు, పాలేరుతనము చేసినవారు కూడ ఈ లెక్కలో నుండిరి.

ఇంతవరకు చెప్పినది భయపెట్టుటకు గాదు. ఆశకు పెద్ద ఆధారము కలదు. యునైటెడ్ కింగ్‌డమున మధుమేహమును పోటును రెండును గల 1,148 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టువారి పోటును గట్టిగా అదుపుచేసి, రెండవ జట్టువారిని కొంత సడలించి, ఎనిమిదేండ్లకు పైగా గమనించిరి. మొదటి జట్టు సగటు పోటు 144/82, రెండవ జట్టు సగటు 154/87. పై అంకెలో తేడా పది మాత్రమే. 1998లో లెక్క తేల్చగా, ఆ పది అంకెల తేడాతో గుండె నీరసించు వ్యాధి సగమునకు పైగా తగ్గెను. పక్షవాతము నూటికి 44 వంతులు తగ్గెను. మధుమేహసంబంధమైన చావులు మూడవవంతు తగ్గెను. చక్కెరరోగికి చక్కెరకన్న పోటే ముందు చూడవలసినదా యని పలువురు ఆశ్చర్యపడిరి. మా అన్నగారు మానినది ఆ పది అంకెలనే.

క్రొత్త మందులును వచ్చినవి. ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మూత్రపిండములద్వారా చక్కెరను ఉద్దేశపూర్వకముగా బయటికి పంపును. సుశ్రుతాదులు రోగచిహ్నముగా చూచిన తీపిమూత్రమునే నేటివారు చికిత్సగా చేసిరని నాకు నవ్వు వచ్చినది. 2015లో ప్రకటించిన పెద్దపరీక్షలో ఆ మందు గుండె నీరసముచేత ఆసుపత్రిలో చేరువారిని నూటికి 35 వంతులు తగ్గించెను. మన దేశమున 2025లో దాని పేటెంటు గడువు తీరి, పలు సంస్థలు చేయుటచేత వెల బాగుగా దిగినది. అది యందరికిని తగదు, వైద్యుడే చెప్పవలయును. పయోగ్లిటజోన్ అను మరియొక చక్కెరమాత్ర నీరు పట్టించును గనుక, కాళ్లవాపు ఆయాసము గలవారు తాము వేసికొను మాత్రల పట్టీని వైద్యునికి చూపి యడుగవలయును. నొప్పిమాత్రల సంగతి చెప్పితిని గదా.

అంకెలనుగూర్చి పెద్దలు తరచు అడుగుచుందురు. 140/90కి పైబడినచో పోటు అని సాధారణముగా చెప్పుదురు; మధుమేహము గలవారికి 130/80 లోపల నుంచుట మేలని నేటి వైద్యుల మతము. కాని డెబ్బది యెనుబదియేండ్ల వృద్ధుడు లేచి నిలుచున్నప్పుడు కండ్లు చీకట్లు క్రమ్మి పడిపోవునట్లు మందు వేయరాదు. పడి తుంటి విరిగినచో అది వేరొక చావు. చక్కెర కూడ అంతే. ముసలివానికి మరీ దిగిపోయినచో చెమట, వణకు, మతిభ్రమ. పండుగనాడు ఉపవాసముండి మాత్ర మాత్రము వేసికొనుట మన యాడువారి యలవాటు, అది ప్రమాదము.

పోటు కొలుచునప్పుడు అరగంట ముందునుండి కాఫీ, చుట్ట ఉండరాదు. అయిదు నిమిషములు వీపు ఆనించి మౌనముగా కూర్చుండి, చేయి గుండె మట్టమున నుంచి, రెండుమార్లు చూడవలయును. రాజకీయములు మాటలాడుచు కొలిచినచో వచ్చునది ఎన్నికల పోటు గాని నెత్తురుపోటు గాదు. చుట్ట అనిన మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: పొగాకు మా మెట్టకు ధనమిచ్చినది, గుండెకు మాత్రము విషమే.

ఉప్పు మాట చెప్పిన కోపపడుదురేమో. దినమునకు ఒక చెంచాకు లోపల, అనగా 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మనము కూరలో వేసిన ఉప్పునే లెక్కింతుము. ఆవకాయ, మాగాయ, అప్పడము, వడియము, ఎండుచేప, మజ్జిగలో చిటికెడు, ఇవి యెవరి లెక్కలోనివి? ఆవకాయ లేని గోదావరి భోజనమును నేను విధింపజాలను, నేనును తినలేను. అన్నగారికి వదినగారు ముద్దకొక బద్ద యనునది పోయి పూటకొక బద్ద చేసిరి, ఎండుచేపను నీళ్లలో నానవేసి ఆ నీటిని పారబోసి వండిరి, కూరలలో నిమ్మపిండిరి. మా తోట నిమ్మలే. నెల తిరుగునప్పటికి పాత రుచి ఉప్పనయైనదని వారే చెప్పిరి. అన్నము విషయము మరియొక ప్రసంగమునకు చాలినంత కలదు. కొలత తగ్గించి పప్పు కూర పెంచవలయునని మాత్రము చెప్పి విడుచుచున్నాను.

అన్నగారు తరువాత రెండున్నరయేండ్లు బ్రతికిరి. ఆ రెండున్నరయేండ్లలో మరల ఒకసారి మాత్రమే ఆసుపత్రిలో పడుకొనిరి. వైద్యుని మాటచొప్పున ప్రతి ఉదయము పాచిమొగముతో కాలకృత్యమైన వెంటనే బరువు చూచుకొనెడివారు. రెండుమూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది క్రొవ్వు గాదు, నీరు. అన్నము తినినందున రెండు దినములలో రెండు కిలోలు పెరుగువాడు లోకమున లేడు. అట్లు పెరిగిన ప్రతిసారి దిండ్లు పెరుగకమునుపే ఏలూరునకు ఫోను చేసెడివారు. వైద్యుడు నీటిమాత్ర సవరించెడివాడు. పామాయిలు తోటలో ఉదయము అరగంట, సాయంకాలము అరగంట నడచిరి. మనుమరాలి పెండ్లి చూచిరి. 2019 ఆగస్టులో ఒక మధ్యాహ్నము అరుగుమీద కూర్చుండియే పోయిరి. మూత్రపిండములు అప్పటికి చాల చెడినవని వైద్యుడు చెప్పియుండెను. 2006లో మానిన మాత్ర మానకయుండినచో ఏమయ్యెడిదో నేను చెప్పజాలను. ఆ పదునైదు దినముల కషాయమును మాత్రము మరువజాలకున్నాను.

నా రక్తమును నేను పరీక్షింపించుకొన్నది ఏలూరునుండి వచ్చిన వారమున. చక్కెరయు పోటును రెండును ఉన్నవి. తలనొప్పి లేదు, కండ్లు తిరుగుట లేదు. అన్నగారి మాటయే నా నోటికిని వచ్చినది, మ్రింగుకొంటిని.

అన్నగారు అంకెలు వ్రాసికొన్న లెక్కపుస్తకము, పొగాకు బేళ్ల లెక్కలకు తెచ్చినది, నా యొద్ద కలదు. ఎడమ ప్రక్క తేది, నడుమ బరువు, కుడిప్రక్క పోటు. వారి చేతివ్రాత ఆగినచోట ఒక పుట విడిచి, మరుసటి పుటనుండి నా యంకెలు వ్రాయుచున్నాను. ఆదివారము ఉదయము పొరుగువారు నలుగురైదుగురు మా అరుగు చేరుదురు; యంత్రమును అక్కడనే పెట్టి అందరివియు చూచి, వారి వారి కాగితములలో వ్రాసియిచ్చెదను. పోయిన ఆదివారము ఒక పెద్దాయన కూర్చున్నంతసేపు కూర్చుండి, చేయి చాపక, తనకు తలనొప్పి లేదుగదా యని వెడలిపోయిరి. వచ్చే వారము వారింటికే యంత్రమును తీసికొని పోవుదునని చెప్పియున్నాను.